పళ్ళు తోమాం సరే, చిగుళ్ళ మాటేమిటి?



పోయిన నెల మన సంఘం కూడిక అయ్యాక పానగల్ పార్కు దగ్గర కొందరం నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నాం. ఎవరో జంతికల పొట్లం విప్పారు. మనందరికీ పెద్దదిక్కులాంటి బాబాయిగారొకరు (పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు) ఒక జంతిక తీసుకుని, కాసేపు చేతిలోనే పట్టుకుని, మళ్ళీ పొట్లంలో పెట్టేశారు. "ఏం బాబాయిగారూ, షుగరా?" అంటే, "షుగరు సంగతి వేరు. చిగుళ్ళు దిగిపోయాయిరా. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోంది. డెబ్భై రెండేళ్ళొచ్చాక ఇంకేం చేస్తాం, ఒక్కొక్కటీ పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకోవడమే. మా నాన్నా అంతే, మా తాతా అంతే" అన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఆ చివరి మాట మమ్మల్ని వదల్లేదు. ఎందుకంటే మా ఇంట్లోనూ అదే కథ. మా నాయనమ్మకు యాభై దాటేసరికి నోట్లో పన్ను లేదు. మాకేమో నలభై ఆరో ఏట పై కోరపళ్ళు పొడుగైనట్టు కనిపించడం మొదలైంది. పన్ను పెరగలేదు, చిగురు పైకి జరిగింది. చూసిన డాక్టరుగారు "మీ నోరు శుభ్రంగానే ఉంది. అదే చిక్కు. మీరు పళ్ళు తోమడం లేదు, గచ్చు తోముతున్నారు" అన్నారు. అంటే నాయనమ్మకు ఒక దారిన వచ్చింది, మాకు దానికి ఎదురు దారిన వచ్చింది. ఈ రెండు దారుల చరిత్ర వెతుకుతూ పోతే, చిత్రంగా మొదటి గుర్తు మనం నిలబడి కబుర్లు చెప్పుకున్న పార్కు పేరులోనే దొరికింది.

టి. నగర్ అంటే త్యాగరాయ నగర్ అనీ, పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు మీద పెట్టారనీ, లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువును పూడ్చి 1920ల్లో ఈ పేట వేశారనీ మన గుంపులో చాలాసార్లు రాసుకున్నాం. పార్కు పేరు పానగల్ రాజా పనగంటి రామరాయణింగారిది. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి, సంస్కృతం బాగా చదువుకున్న తెలుగాయన. ఆయన హయాంలోనే 1921లో దేశీయ వైద్యాల మీద ఒక కమిటీ వేశారు. మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షుడు, జి. శ్రీనివాసమూర్తి కార్యదర్శి. 1923లో నివేదిక వచ్చింది, 1925 నాటికి మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల నడవడం మొదలైంది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడూ అక్కడ పాఠాలయ్యాయి. ఆ కాలానికి మద్రాసులో తెలుగు వైద్యుల హవా బాగానే ఉండేది. బందరు నుంచి వచ్చిన పండిత దీవి గోపాలాచార్యులుగారు ఆయుర్వేద కళాశాల నడిపారు. కేసరి కుటీరం పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరిగారి పేరు మన టి. నగర్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. మన పిల్లలు చదువుకున్న కేసరి హైస్కూలు ఆయన పేరుదే. ఆయన 'గృహలక్ష్మి' పత్రిక ఎందరు తెలుగు ఆడవాళ్ళ చేత రాయించిందో అదొక వేరే వ్యాసం.

కేసరిగారి మందుల్లో అందరికీ తెలిసింది 'లోధ్ర'. అది ఆడవాళ్ళ ఆరోగ్యానికి అమ్మిన మందు. పళ్ళకు సంబంధం లేదు. కానీ లోధ్ర అనే చెట్టుకు, అదే మన లొద్దుగకు, పళ్ళతో పాత చుట్టరికం ఉంది. సుశ్రుత సంహితలో చిగుళ్ళ జబ్బులకు చెప్పిన పొడుల్లో లొద్దుగ చెక్క, పత్తంగం, అతిమధురం, లక్క కలిపి తేనెతో చిగుళ్ళకు రాయమన్న యోగం ఒకటుంది. అక్కడి నుంచే మేము సుశ్రుతంలోకి దిగాం.

సుశ్రుతుడు పంటి మొదళ్ళకు వచ్చే జబ్బులు 15 అని లెక్కగట్టాడు. అందులో మొదటిది శీతాదం. కారణం కనబడకుండా చిగుళ్ళ నుంచి రక్తం రావడం, దుర్వాసన, చిగుళ్ళు నల్లబడి మెత్తబడి కృశించి రాలిపోవడం. ఇవాళ చదివినా ఎవరి నోరో గుర్తొస్తుంది. ఇంకో చోట దంతశర్కర గురించి రాశాడు, అంటే పళ్ళకు పట్టే గార. దాన్ని వైద్యుడు పనిముట్టుతో గీకి తీయాలి, తీసేటప్పుడు పంటి మొదలు దెబ్బతినకూడదు అన్నాడు. దానికి దంతశంకువు అనే పనిముట్టు కూడా చెప్పాడు. ఇప్పుడు డాక్టర్లు 'స్కేలింగ్' అంటున్నది దాదాపు ఇదే పని. పళ్ళు క్లీన్ చేయించుకోవడం తెల్లవాళ్ళ అలవాటు అనుకునే పెద్దలు దీన్ని ఒకసారి చదువుకోవాలి.

మమ్మల్ని ఆపేసిన మాట మాత్రం దంతధావనం చెప్పేచోట ఉంది. పుల్ల పన్నెండు అంగుళాల పొడవు (మన వేలి వెడల్పు అంగుళం లెండి), చిటికెనవేలంత లావు, కణుపులు లేకుండా ఉండాలి. చేదులో వేప మేలు, వగరులో చండ్ర మేలు, ఇలా రుచికొక చెట్టు. ఇదంతా మనకు తెలిసిందే. ఆ తర్వాత అంటాడు: మెత్తటి కుంచెతో ఒక్కొక్క పన్నునూ రుద్దాలి, పంటి మాంసాన్ని నొప్పించకుండా. పంటి మాంసం అంటే చిగురు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి మాట ఇది. మన ఇళ్ళలో వేపపుల్ల మిగిలింది, పళ్ళపొడి మిగిలింది, నాలుకబద్ద మిగిలింది. చిగుళ్ళను నొప్పించకుండా అన్న ముక్క ఎక్కడో జారిపోయింది.

ఎక్కడ జారిందో మన పెరటి సంగతులు గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది. ఊళ్ళలో కచ్చిక. పిడక కాల్చిన బొగ్గును మెత్తగా నలిపి వేలితో తోముకునేవాళ్ళం. కొన్ని ఇళ్ళలో పొయ్యి బొగ్గు, ఉప్పు. ఇంకొన్ని చోట్ల ఇటుక పొడి, తలచుకుంటే ఇప్పుడు కూడా పళ్ళు కిర్రుమంటాయి. ఊక బూడిదతో చేసిన పొడులూ ఉండేవి. మద్రాసు వచ్చాక ఎర్ర పళ్ళపొడి. మైసూరు వైపు నుంచి 1913లో మొదలైన సద్వైద్యశాల వారి నంజన్‌గూడు పళ్ళపొడి ఈ ఊళ్ళోనూ బాగా పేరు. మర్రి ఊడా తుమ్మ పుల్లా పళ్ళకు బలం అని మన తమిళ ఇరుగుపొరుగు అనే సామెత వినని వాళ్ళుండరు. ఇవన్నీ చెడ్డవని మేము అనడం లేదు. వేపపుల్లను బాగా నమిలి, చివర మెత్తటి కుంచెలా అయ్యాక నెమ్మదిగా వాడితే అది మంచి బ్రష్షే. చిక్కు గరుకు పొడితో, బలం పెట్టి, అడ్డంగా రుద్దడంలో ఉంది. ఎర్ర పొడులు చాలావాటికి రంగు కావిరాయిది. కావిరాయి రాయే కదా! పన్ను పైపొర గట్టిది, చాలాకాలం ఓర్చుకుంటుంది. చిగురు ఓర్చుకోదు. చిగురు జరిగితే బయటపడే వేరుకు ఆ గట్టి పొర ఉండదు, అందుకే వేరు దగ్గర పన్ను గొడ్డలితో నరికినట్టు నొక్కు పడుతుంది. కుడిచేతివాటం వాళ్ళకు తరచుగా ఎడమవైపు కోరపన్ను, దాని పక్క పన్ను దగ్గర ఎక్కువ. అద్దంలో చూసుకోండి.

ఇంకో పాపం కూడా ఆ డబ్బాల్లో ఉండేది. కొన్ని పళ్ళపొడుల్లో పొగాకు కలిపేవారు. చిగుళ్ళ నొప్పికి హాయిగా ఉంటుందని ఆడవాళ్ళు రోజుకు నాలుగైదుసార్లు తోముకుని అలవాటు పడిపోయేవాళ్ళు. పళ్ళకు వాడే సరుకుల్లో పొగాకు కలపకూడదని కేంద్రం 1992లో నిషేధించింది. మా పెద్దత్తయ్య ఒకావిడకు ఆ డబ్బా మానిపించడానికి పట్టిన కాలంలో మేము ఇంకో ఇల్లు కట్టి ఉండేవాళ్ళం.

ఇది ఒక దారి. నాయనమ్మ నడిచిన దారి వేరు. ఆవిడ గట్టిగా రుద్దిందేమీ లేదు. చిగుళ్ళలో రక్తం కనబడితే "తాకితే ఎక్కువవుతుంది" అని అటువైపు తోమడం మానేసేది. గార పేరుకుంది, పళ్ళు కదిలాయి, ఎవరో 'పయోరియా' అన్నారు, పీకేశారు. ఆ మాట వెనక ఒక ప్రపంచ చరిత్రే ఉంది. 1876లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జాన్ రిగ్స్ అనే దంతవైద్యుడు, చిగుళ్ళు కోయడం కాదు, పంటి మీద పేరుకున్న గారను వేరు దాకా గీకి తీస్తే జబ్బు ఆగుతుంది అని రాశాడు. మన సుశ్రుతుడి మాటే. కొంతకాలం ఆ జబ్బును రిగ్స్ జబ్బు అనే పిలిచారు. అయితే 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ఒక ప్రసంగం చేశాడు. నోట్లోని చీమే ఒంట్లో సగం రోగాలకు మూలం అన్న వాదానికి అది ఊపునిచ్చింది. దాంతో కీళ్ళ నొప్పి వచ్చినా, రక్తం తగ్గినా పళ్ళు పీకేయడం ఇరవై ముప్ఫై ఏళ్ళు వైద్యమైపోయింది. బాగున్న పళ్ళు కూడా పోయాయి. మన తాతల తరం చెవిన పడ్డ ఇంగ్లీషు వైద్యం అదే. "మా తాతా అంతే" అన్నది వంశం రాత కాదండీ, ఆ కాలపు పద్ధతి.

ఆ కాలంలోనే ఇంకొకాయన ఉన్నాడు, ఆయనంటే మాకు ముచ్చట. న్యూ ఓర్లియన్స్‌లో చార్లెస్ బాస్ అనే డాక్టరు. పళ్ళ డాక్టరు కాదు, మలేరియా మీద పని చేసినవాడు. 1915లో తోటి డాక్టరుతో కలిసి పయోరియాకు ఒక రకం అమీబా కారణమని పుస్తకం రాశాడు, దానికి ఎమెటిన్ అనే మందు వాడమన్నాడు. అది తేలిపోయింది. మందుతో పోయే జబ్బు కాదని తెలిసింది. ఆయన మెడికల్ కాలేజీ డీన్‌గా రిటైరయ్యాక మళ్ళీ నోటి దగ్గరికే వచ్చి, అసలు బ్రష్షు ఎలా ఉండాలి, ఎలా పట్టుకోవాలి అని కూర్చుని పరీక్షించాడు. నైలాన్ బ్రష్షులు 1938లో వచ్చాయి, మొదట్లో అవి ముళ్ళలా ఉండేవి. బాస్ 1948లో సన్నటి, కొనలు గుండ్రంగా ఉన్న మెత్తటి పోచలు కావాలన్నాడు. చిగురూ పన్నూ కలిసేచోట బ్రష్షును ఏటవాలుగా ఆనించి, అక్కడికక్కడే చిన్నగా కదపమన్నాడు. ఇప్పటికీ దంతవైద్య కళాశాలల్లో దాన్ని బాస్ పద్ధతి అనే నేర్పుతారు. మెత్తటి కుంచె, ఒక్కొక్క పన్ను, చిగుళ్ళను నొప్పించకుండా. ఎక్కడో విన్నట్టు లేదూ?

పాచి వల్లే చిగుళ్ళు పాడవుతాయని చేసి చూపించింది 1965లో, డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో. హెరాల్డ్ లో, ఆయన తోటివాళ్ళు, 12 మందిని పళ్ళు తోమడం మానేయమన్నారు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమగానే కొద్ది రోజుల్లో మామూలయ్యాయి. రక్తం వస్తోందని తోమడం మానేసిన నాయనమ్మ సరిగ్గా తలకిందులు చేసిందన్నమాట.

అదే లో తర్వాత చేసిన పని మన పొరుగునే జరిగింది. 1970లో శ్రీలంక టీ తోటల్లో 480 మంది మగ కూలీల నోళ్ళు పరీక్షించి, పదిహేనేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ చూశారు. ఈ తీరం నుంచి సముద్రం దాటి వెళ్ళిన తమిళ కుటుంబాల సంతతి వాళ్ళు. బ్రష్షు లేదు, దంతవైద్యుడు లేడు. ఒకే తోట, ఒకే తిండి, ఒకే నిర్లక్ష్యం. అయినా అందరికీ ఒకేలా జరగలేదు. 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరి 45 ఏళ్ళకు పళ్ళన్నీ పోయాయి. 81 శాతానికి మధ్యస్తంగా సాగింది, 45 ఏళ్ళకు సగటున ఏడు పళ్ళు పోయాయి. 11 శాతానికి జబ్బు ముందుకే సాగలేదు. "మా తాత ఏనాడూ తోమలేదు, చెరుకు నమిలేవాడు" అని చెప్పే మిత్రులారా, మీ తాతగారు ఆ పదకొండు శాతం. మీరు ఏ శాతమో ముందే తెలియదు కదా.

చిగుళ్ళు దిగడం సంగతికొస్తే 1992లో వాళ్ళు ఈ కూలీలనూ నార్వే చదువుకున్నవాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూశారు. తోటల్లో ముప్ఫై ఏళ్ళకు 90 శాతం మందికి, నలభైకి నూటికి నూరు మందికి చిగుళ్ళు దిగాయి. పంటి ముందూ, వెనకా, సందుల్లోనూ. సరే, అనుకున్నదే. కానీ రోజూ తోముకునే, డాక్టరు దగ్గరకు వెళ్ళే నార్వేవాళ్ళలో ఇరవై ఏళ్ళకే 60 శాతం పైగా మందికి ఉంది, యాభైకి 90 శాతం దాటింది. అయితే వాళ్ళకు మొదట్లో బుగ్గవైపు మాత్రమే, తర్వాత కూడా సందుల్లోకి చాలా తక్కువ. అంటే జబ్బు వల్ల దిగే చిగురు వేరు, రుద్దడం వల్ల దిగే చిగురు వేరు. నాయనమ్మ టీ తోట, మేము నార్వే. ఈ రెండూ కలిసున్న నోళ్ళు కూడా టి. నగర్‌లో బోలెడు: ముందు పళ్ళు నార్వే, అద్దంలో కనబడని దవడ పళ్ళు టీ తోట.

ఇక బాబాయిగారి అసలు ప్రశ్న, ఈ వయసులో ఏం చేస్తాం అని. దిగిన చిగురు దానంతటది మళ్ళీ పెరగదు. లొద్దుగకూ పెరగదు, నూనె పుక్కిలింతకూ పెరగదు, ఏ పేస్టుకూ పెరగదు. పెరుగుతుందని అమ్మేవాళ్ళ దగ్గర డబ్బు పోసుకోకండి. ఆపడం మాత్రం ఏ వయసులోనైనా కుదురుతుంది. కారణం గార అయితే దాన్ని చిగురు కింద వేరు దాకా శుభ్రం చేయించాలి. ఇక్కడే మన పెద్ద భయం: "క్లీన్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి, సందులొస్తాయి." ఆ భయం ఎలా పుట్టిందో మాకు ఇప్పుడు అర్థమైంది. ఏళ్ళ తరబడి గార సందులను పూడ్చి ఉంటుంది, చిగురు వాచి వేరును కప్పి ఉంటుంది. గార తీసి వాపు తగ్గగానే, ఎప్పుడో దిగిపోయిన చిగురు ఆరోజు కళ్ళకు కనబడుతుంది. చెరువు ఎండాక అడుగు కనబడితే గొయ్యి ఎండ తవ్విందనుకున్నట్టు. కొన్నాళ్ళు జివ్వుమంటుంది కూడా, దానికి పొటాషియం నైట్రేట్ లాంటివి ఉన్న పేస్టులు ఉన్నాయి, తగ్గుతుంది.

కారణం రుద్దుడు అయితే బ్రష్షు మార్చాలి, చెయ్యి మార్చాలి. మెత్తటిది, పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి, బలం తగ్గుతుంది. పొడులు, బొగ్గు పేస్టులు వద్దు. సందులకు సన్నటి బ్రష్షు. బయటపడ్డ వేరు తొందరగా పుచ్చుతుంది, పెద్దవాళ్ళకు ఫ్లోరైడు ఉన్న పేస్టు తప్పనిసరి. సిగరెట్టు తాగేవాళ్ళకు ఒక మాట: పొగ చిగుళ్ళ రక్తాన్ని దాచేస్తుంది, రక్తం రావడం లేదని ధైర్యపడొద్దు. షుగరు ఉంటే చిగుళ్ళు తొందరగా పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. రెండూ కలిపి చూపించుకోవాలి. కడుపుతో ఉన్న అమ్మాయిలకు చిగుళ్ళు వాచడం మామూలే, దానికి భయపడి తోమడం మానకూడదు. పళ్ళకు క్లిప్పులు వేయించే పిల్లల తల్లులు పలచటి చిగుళ్ళ గురించి ముందే అడగండి. పన్ను ఎముక అంచు దాటి ముందుకు జరిగితే పదిహేనేళ్ళకే చిగురు దిగుతుంది.

కప్పించుకోవడానికి శస్త్రచికిత్స ఉంది. అంగిట్లోంచి పలచని కణజాలం తీసి దిగిన చోట కుట్టడం. 1960ల నుంచి రకరకాలుగా చేస్తున్నారు. 1985లో బర్టన్ లాంగర్, లారీన్ లాంగర్ వివరించిన పద్ధతితో ఇది బాగా స్థిరపడింది. అదే ఏడాది పి.డి. మిల్లర్ దిగిన చిగుళ్ళను నాలుగు తరగతులు చేశాడు. పళ్ళ మధ్య ఎముకా చిగురూ నిలిచి ఉంటే పూర్తిగా కప్పవచ్చు, అవి కొంత పోతే కొంతే, బాగా పోతే కష్టం. వయసు ఆ తరగతుల్లో లేదు. రుద్దుడు వల్ల వచ్చిన వాళ్ళకే ఇది బాగా కలిసొస్తుంది. అందరికీ అవసరం లేదు. జివ్వుమనకపోతే, ముందుకు సాగకపోతే వదిలేయొచ్చు. మేము వదిలేశాం.

ఖర్చు అని ఆగేవాళ్ళకు ఒక సంగతి. 1953లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఒక విభాగంగా మొదలైన దంతవైద్యం ఇప్పుడు ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి. ఫోర్ట్ స్టేషన్ ఎదురుగానే. మాంబళంలో బీచ్ వైపు రైలెక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి, మాత్రలు సొంతంగా ఆపకూడదు.

బాబాయిగారు మా పోరు పడలేక ఒక డాక్టరు దగ్గరకు వచ్చారు. నోట్లో 23 పళ్ళున్నాయి. మొత్తం పీకించుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి రెండే తీయాలన్నారు. మిగతావాటికి నాలుగు విడతలుగా శుభ్రం చేస్తున్నారు, మూడు అయ్యాయి. ఎడమవైపు ఇంకా నమలడం లేదు. పోయిన ఆదివారం జంతిక తుంచి కాఫీలో ముంచుకుని తిన్నారు. ఎర్ర పళ్ళపొడి డబ్బా మాత్రం పారేయలేదట. దీపం కుందులు తోమడానికి బ్రహ్మాండంగా ఉందని పిన్నిగారు చెప్పారు.